నొప్పి లేని గడ్డ

ఇంటిలో బిడ్డకు ఒళ్ళు వెచ్చబడినచో మొదట తెలియునది తల్లికి. అత్తగారి దగ్గు, భర్త తలనొప్పి, పిల్లల అజీర్తి అన్నియు ఆమె కంటబడును. ఆమె ఒంటిలోని మార్పు మాత్రము ఆమె లెక్కలోనికి రాదు. వచ్చినను ఇతరుల చెవిని వేయదు. అది రొమ్మునకు సంబంధించినదైనచో సిగ్గు కూడ తోడగును. ఈ మౌనము వలన కలుగు హానిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము కాన్సరు కొత్తగా కనబడినదనియు, సుమారు 98,000 మంది ఆ వ్యాధితో మరణించిరనియు అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. మన స్త్రీలకు వచ్చు కాన్సరులలో దీనిదే మొదటి స్థానము. భయపెట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆదిలో కనిపెట్టినచో చక్కగా నయమగు కాన్సరులలో ఇది యొకటి. అయినను మన స్త్రీలలో అనేకులు వ్యాధి ముదిరిన పిదపనే వైద్యుని కడకు వచ్చుచున్నారు.

ఈ ఆలస్యమునకు ముఖ్యకారణము ఒక పొరపాటు నమ్మకము. “నొప్పి లేదు గదా, ఏమగును?” అని ఊరకుందురు. చీముగడ్డ సలుపును, ఎర్రబడును, జ్వరము తెచ్చును. కనుక దానిని లక్ష్యపెట్టుదుము. కాన్సరు గడ్డ అట్లు కాదు. కొన్ని కణములు శరీరపు కట్టుబాటు తప్పి అదుపు లేక పెరుగుటయే ఈ వ్యాధి. తొలిదశలో ఆ గడ్డ చాలవరకు నొప్పి లేకయే చేతికి తగులును. నొప్పి వచ్చువరకు చూతమనుట వ్యాధికి గడువిచ్చుటయే.

పాలిచ్చు తల్లుల విషయమున మరింత మెలకువ అవసరము. పాలు నిలిచి గడ్డకట్టుట సాధారణమే. బిడ్డ చక్కగా త్రాగినచో అది కొద్ది దినములలో కరగును. “పాలగడ్డ, అదే పోవును” అని పెద్దలందురు. చాలసార్లు వారి మాట నిజమే. కాని రెండు వారములు గడచినను కరగని గడ్డను వైద్యునికి చూపింపక తీరదు. పరీక్ష కొరకు బిడ్డకు పాలు మాన్పవలసి వచ్చునను భయము వలదు. అల్ట్రాసౌండు పరీక్షకు గాని, మామోగ్రామను ఎక్స్‌రేకు గాని, సూదితో చిన్న ముక్క తీసి చూచుటకు గాని పాలు మాన్పనక్కరలేదు. సూది పొడిచినచో వ్యాధి ప్రాకునను మాట నమ్మదగినది కాదు.

పాలిచ్చుట వలన ఈ ముప్పు కొంత తగ్గుననుట వాస్తవము. 30 దేశముల పరిశోధనలను కూర్చి 2002లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకును ముప్పు 4.3 శాతము తగ్గును. తగ్గునే గాని తొలగిపోదు. కనుక “నలుగురు బిడ్డలకు పాలిచ్చినదానను, నాకెందుకు వచ్చును?” అని ధీమాగా ఉండరాదు.

గమనింపవలసిన చిహ్నములు ఇవి: రొమ్మున గాని చంకలో గాని కొత్తగా తగులు గడ్డ, రొమ్ము ఆకారములో మార్పు, చర్మము సొట్టపడుట, లేక నారింజతొక్కవలె గుంటలు పడుట, చనుమొన కొత్తగా లోనికి లాగుకొనిపోవుట, అచట మానని పుండు, రక్తము స్రవించుట. తన శరీరము మామూలుగా ఎట్లుండునో ఎరిగిన స్త్రీకి స్నానవేళ మార్పు తెలియును. ఇట్టి గడ్డలలో అధికభాగము కాన్సరు కావు. కాని ఏది ఎట్టిదో ఇంటిలో చేతితో తడిమి తేల్చుట ఎవరి తరమును కాదు.

ఏ చిహ్నమును లేకున్నను పరీక్ష మేలు చేయును. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో 35 నుండి 64 ఏండ్ల వయసు గల సుమారు 1,50,000 మంది స్త్రీలతో ఒక పరిశోధన ఆరంభించిరి. వారిలో సగముమందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితోనే పరీక్ష చేసిరి. 2021లో వెలువడిన ఫలితములలో, పరీక్ష జరిగినవారిలో వ్యాధి ముందుగా బయటపడినట్లును, 50 ఏండ్లు, అంతకు పైబడిన స్త్రీలలో ఈ వ్యాధి వలని మరణములు దాదాపు 30 శాతము తగ్గినట్లును తేలినది. 30 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకి అయిదేండ్లకొకసారి ఇట్టి పరీక్ష జరుగవలెనని 2016లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. సమీపముననున్న ఆరోగ్య కేంద్రములో అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

“రొమ్ము తీసివేయుదురు” అను భయము మరియొక అడ్డంకి. గడ్డ చిన్నదిగా ఉన్నపుడే కనుగొన్నచో, దానిని మాత్రము తొలగించి కిరణచికిత్స చేసిన స్త్రీలు, రొమ్ము తీసివేసిన స్త్రీలతో సమానముగా జీవించిరని ఇటలీలోను అమెరికాలోను 20 ఏండ్లు సాగిన పరిశీలనలు 2002లో తెలిపినవి. మందులును పెరిగినవి. భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో రూపొందించిన మెథోట్రెక్సేటు, 1976లో మిలాన్ వైద్యులు ఈ వ్యాధికి ప్రకటించిన మూడు మందుల చికిత్సలో ఒకటి.

ఇక రేడియో వినుచున్న పురుషులకును, అత్తలకును ఒక మనవి. పండుగ వెళ్ళనీ, పిల్లల పరీక్షలు కానీ, కోతలు కానీ అని వాయిదా వేయునది తరచుగా ఆ తల్లియే. ఆమెకు తోడుగా ఆసుపత్రికి పోవువారు లేకపోవుటయు అందుకొక కారణము. కనుక ఈ ప్రసంగము ముగిసిన పిదప ఆమెను నెమ్మదిగా అడుగుడు. ఏదైన ఉన్నదని చెప్పినచో ఆమెను నిందింపక, ఈ వారములోనే వెంటబెట్టుకొని పొండు.