మనం రాయని అంకెలు

200, 10, 30. స్ప్రింగ్ బూట్‌తో మామూలుగా కట్టిన జావా వెబ్ అప్లికేషన్ దేన్ని విప్పి చూసినా లోపల ఈ మూడు అంకెలు పనిచేస్తుంటాయి. ప్రోగ్రాం రాసినవాళ్లు వాటిని ఎక్కడా టైపు చేసి ఉండరు. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద స్ప్రింగ్ బూట్ పేరు పెద్దక్షరాల్లో కనిపిస్తుంది గానీ, ఈ అంకెల జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. ఉద్యోగంలో చేరాక, ఏ సంక్రాంతి టికెట్ల రద్దీలోనో సైటు నిలువునా ఆగిపోయిన రాత్రి, సీనియరు వచ్చి అడుగుతాడు: "పూల్ సైజు ఎంత పెట్టావ్?" "నేనేం పెట్టలేదండీ." జబ్బు ఆ జవాబులోనే ఉంటుంది.

స్ప్రింగ్ కథ 30,000తో మొదలైంది. 2002లో రాడ్ జాన్సన్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ జావాలో పెద్ద సంస్థల అప్లికేషన్లు ఎలా కట్టాలో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. దానితో పాటు ఇచ్చిన కోడ్ దాదాపు 30,000 లైన్లు. అప్పట్లో ఈ రంగాన్ని ఏలుతున్నది జె2ఈఈ. అందులో ఈజేబీ పద్ధతిలో ఒక చిన్న పని చేయించాలన్నా రెండు ఇంటర్‌ఫేసులు, ఒక క్లాసు, ఆపైన ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు రాయాలి. అసలు పని పది లైన్లయితే, దాని చుట్టూ కట్టే పందిరి వంద లైన్లు. ఇంత పందిరి అక్కర్లేదని జాన్సన్ కోడ్ రాసి మరీ చూపించాడు. పుస్తకం చదివిన యూర్గెన్ హోలర్, యాన్ కారోఫ్ ఆ కోడ్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేద్దామని పట్టుబట్టారు. జె2ఈఈ చలికాలం తర్వాత వచ్చే వసంతం అన్న అర్థంలో స్ప్రింగ్ అని పేరు పెట్టింది కారోఫే. 1.0 వెర్షన్ 2004 మార్చిలో వచ్చింది.

ఆ 30,000 లైన్ల వెనకున్న ఆలోచన చిన్నదే. టికెట్లు బుక్ చేసే క్లాసు ఉందనుకోండి. దానికి డేటాబేసు కావాలి, ఎస్సెమ్మెస్ పంపే వస్తువు కావాలి. వాటిని అదే తయారు చేసుకుంటే రేపు ఎస్సెమ్మెస్ కంపెనీని మార్చినప్పుడు ఈ క్లాసును కూడా తవ్వాలి. అలా కాకుండా "నాకు ఇవి కావాలి" అని కన్‌స్ట్రక్టర్‌లో చెప్పి ఊరుకుంటే, స్ప్రింగే తెచ్చి చేతిలో పెడుతుంది. ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడిగే డిపెండెన్సీ ఇంజెక్షన్ ఇదే. దీని రుచి తెలిసేది టెస్టులు రాసేటప్పుడు: నిజం ఎస్సెమ్మెస్ పంపే వస్తువు స్థానంలో ఉత్తుత్తిదాన్ని పెట్టి, పైసా ఖర్చు లేకుండా అంతా పరీక్షించవచ్చు.

ఇలా స్ప్రింగ్ తయారు చేసి పెట్టే వస్తువుల్ని బీన్లు అంటారు. చిన్న వెబ్ అప్లికేషన్‌లో కూడా అవి వందకు పైగా ఉంటాయి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అంకె 1. మీరు వేరే చెప్పకపోతే, ఒక్కో బీన్‌కు ఒక్కటే ప్రతి తయారవుతుంది. సైటుకు వచ్చిన వాళ్లందరూ ఆ ఒక్కదాన్నే వాడుకుంటారు. కొత్తవాళ్లు ఇది మరిచిపోయి, బుకింగ్ క్లాసులో ప్రయాణికుడి పేరును ఒక ఫీల్డుగా దాచేస్తారు. లాప్‌టాప్‌లో ఒక్కరే పరీక్షించినప్పుడు అంతా బంగారంలా నడుస్తుంది. ఒకే క్షణంలో ఇద్దరు వచ్చిన రోజున సుబ్బారావు టికెట్ మీద యాదగిరి పేరు అచ్చవుతుంది.

2014 ఏప్రిల్‌లో స్ప్రింగ్ బూట్ 1.0 వచ్చింది. అప్పటిదాకా స్ప్రింగ్ వాడాలంటే ఎక్స్‌ఎంఎల్ లేదా జావాలో చాంతాడంత అమరిక రాసి, టామ్‌క్యాట్ సర్వర్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసి, అందులో మన ప్రోగ్రామును దించాలి. ఎక్స్‌ఎంఎల్‌తో విసిగి పుట్టిన స్ప్రింగ్ కూడా పదేళ్లలో అక్కడికే చేరడం తమాషా. బూట్ టామ్‌క్యాట్‌ను మన జార్ ఫైలులోనే పెట్టేసింది. ఏ లైబ్రరీలు వాడుతున్నామో చూసి, అమరికను తానే ఊహించింది. నడిపితే 8080 పోర్టులో సైటు లేస్తుంది. ఊహించాలంటే మరి ఏవో అంకెలు పెట్టుకోవాలి కదా. మొదట చెప్పిన మూడూ అక్కడివే.

టామ్‌క్యాట్ ఒకేసారి 200 థ్రెడ్లను పనిలోకి దింపుతుంది. అంటే 200 మంది అభ్యర్థనలు ఏకకాలంలో నడుస్తాయి. కానీ డేటాబేసు దాకా పోయే దారులు 10 మాత్రమే. వాటిని చూసుకునే కనెక్షన్ పూల్ పేరు హికారీ. బూట్ 2.0 నుంచి, అంటే 2018 నుంచి, మనం వేరేది ఎంచుకోకపోతే అదే వస్తుంది. దారి దొరకని థ్రెడ్ 30 సెకన్లు కాచుకుంటుంది. అప్పటికీ దొరక్కపోతే ఎర్రర్.

ఈ మూడింటితో లెక్క వేద్దాం. ఒక్కో బుకింగ్ 50 మిల్లీసెకన్లపాటు కనెక్షన్ పట్టుకుంటే, ఒక్కో కనెక్షన్ సెకనుకు 20 బుకింగులు, పదీ కలిసి 200. చాలా అప్లికేషన్లకు ఇది ధారాళం. ఇప్పుడు ఎవరో ఒకరు డబ్బు చెల్లింపును కూడా బుకింగ్ నడిచే డేటాబేసు ట్రాన్సాక్షన్‌లోకి లాగారు. చెల్లింపు కంపెనీ జవాబివ్వడానికి 2 సెకన్లు. ఆ 2 సెకన్లూ డేటాబేసుకు పనేమీ లేదు, అయినా కనెక్షన్ మాత్రం చేతిలోనే ఉంటుంది. సెకనుకు 200 నుంచి 5కు పడిపోయాం. 200 మంది ఒక్కసారి బటన్ నొక్కారనుకోండి. మొదటి పదిమందికి వెంటనే, మరో పదిమందికి 2వ సెకనులో, ఇలా 28వ సెకనుకు 150 మందికి దారి దొరుకుతుంది. 30వ సెకను దగ్గర నిలబడ్డ పదిమంది సంగతి అదృష్టం. ఆ వెనక ఉన్న 40 మందికి ఎర్రరే. ఇంతసేపూ సర్వర్ సీపీయూ దాదాపు ఖాళీగా ఉంటుంది, గ్రాఫులు చూసేవాళ్లకు ఏమీ అంతుపట్టదు.

అయితే 10ని 100 చేసేస్తే పోలా? అందరికీ తట్టేది ఇదే. డేటాబేసుకు కూడా తన లెక్కలున్నాయి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒప్పుకునేది 100 కనెక్షన్లు, అందులో 3 అడ్మిన్ కోసం పక్కన పెడుతుంది. మీ అప్లికేషన్ పది ప్రతులుగా నడుస్తుంటే, పది చొప్పున 100 కావాలి, ఉన్నవి 97. పూల్ సైజు ముట్టుకోకముందే దారులు సరిపోలేదు. ముందు చెల్లింపును ట్రాన్సాక్షన్ బయటికి తీయాలి. అప్పటికీ ఒక మెలిక ఉంది: ఓపెన్ ఇన్ వ్యూ అనే అమరికను బూట్ తానుగా ఆన్ చేసి ఉంచుతుంది. అది ఉన్నంతకాలం, ఒకసారి తీసుకున్న కనెక్షన్ అభ్యర్థన ముగిసేదాకా వదలకపోవచ్చు. అప్లికేషన్ లేచిన ప్రతిసారీ లాగ్‌లో దీనిమీద హెచ్చరిక వస్తూనే ఉంటుంది. చదివేవాళ్లే లేరు.

ట్రాన్సాక్షన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అని ఒక్క ముక్క రాస్తే, తప్పు జరిగినప్పుడు అంతా వెనక్కి తిరుగుతుందని నమ్ముతారు. రన్‌టైమ్ ఎక్సెప్షన్లకు, ఎర్రర్లకు అది నిజం. చెక్డ్ ఎక్సెప్షన్ అయితే, మీరు విడిగా చెప్పకపోతే, స్ప్రింగ్ కమిట్ చేసేస్తుంది. డబ్బు కోతపడి, టికెట్ రాని కేసులు కొన్ని ఇలాగే పుడతాయి.

భద్రత విషయానికొస్తే అంకె 9.8. 2022 మార్చి 31న అధికారికంగా ప్రకటించిన స్ప్రింగ్‌4షెల్ లోపానికి పదికి పడిన తీవ్రత అది. 5.3.18, 5.2.20 వెర్షన్లలో మరమ్మతు వచ్చింది. అప్పుడు బయటపడ్డ దాడి పనిచేయాలంటే జావా 9 లేదా ఆపైది ఉండాలి, ప్రోగ్రామును వార్ ఫైలుగా విడి టామ్‌క్యాట్‌లో దించి ఉండాలి. బూట్ మామూలుగా ఇచ్చే జార్‌తో నడుపుతున్నవాళ్లకు ఆ దారిలో దెబ్బ తగల్లేదు. ఏ అమరికా మార్చని బద్ధకం కలిసొచ్చిన అరుదైన సందర్భం.

వెర్షన్ల విషయంలో ఆ బద్ధకం పనికిరాదు. 2022 నవంబర్‌లో స్ప్రింగ్ 6, బూట్ 3 వచ్చాయి. వాటికి కనీసం జావా 17 కావాలి. జావాఎక్స్‌తో మొదలయ్యే ఎంటర్‌ప్రైజ్ ప్యాకేజీల పేర్లన్నీ జకార్తాగా మారాయి. బూట్ 2.7కు ఉచిత మద్దతు 2023 నవంబర్‌తో ఆగిపోయింది. ఏడాదికి రెండుసార్లు, మే, నవంబర్ నెలల్లో, కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కోదానికి ఉచిత మద్దతు ఏడాదికి కాస్త పైన, అంతే. 2025 నవంబర్ నుంచి బూట్ 4 నడుస్తోంది. యజమానులూ మారుతూ వచ్చారు: 2009లో సుమారు 42 కోట్ల డాలర్లకు వీఎంవేర్, 2013లో పివోటల్, మళ్లీ వీఎంవేర్, 2023 నుంచి బ్రాడ్‌కామ్. కోడ్ మాత్రం మొదటినుంచీ అపాచీ లైసెన్సులోనే ఉంది.

జావా 21తో వర్చువల్ థ్రెడ్లు వచ్చాయి. 2023 నవంబర్‌లో విడుదలైన బూట్ 3.2లో ఒక్క లైను రాస్తే చాలు, అవి పనిలోకి దిగుతాయి. 200 అన్న హద్దు చెరిగిపోతుంది, వేల అభ్యర్థనల్ని ఒకేసారి లోపలికి రానివ్వవచ్చు. ఆ లైను రాసి, పూల్ సంగతి మరిచిపోయినవాళ్ల సైటులో ఇప్పుడు వేలమంది లోపలికొచ్చి, అవే పది దారుల ముందు, అవే 30 సెకన్లు నిలబడుతున్నారు.