పెద్ద కర్మాగారంలో అప్రెంటిస్ శిక్షణ - మన పిల్లలకు ఏమి నేర్పుతుంది?

సంఘాల సర్వసభ్య సమావేశాలకు వెళ్లినప్పుడు పాల ధర, దాణా, వెన్న శాతం గురించిన ప్రశ్నలు అయిపోయిన తరువాత సభ్యులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "మా వాడు ఐ.టి.ఐ. పాసయ్యాడు. పెద్ద కంపెనీలో అప్రెంటిస్‌గా రమ్మంటున్నారు. ఇచ్చేది తక్కువ. ఆ తరువాత ఉద్యోగం ఇస్తామన్న మాట కూడా లేదు. పంపాలా, వద్దా?" మా ఇంజనీరింగు విభాగంలో పనిచేస్తున్న పలువురం ఆ దారిన వచ్చినవారమే. కనుక ఈ శిక్షణ ఎలా ఉంటుందో, దాని నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించరాదో సభ్యులకు వివరంగా చెప్పదలచాము.

అప్రెంటిస్ అంటే ఎవరు?

మన దేశంలో ఈ శిక్షణ 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం జరుగుతుంది. మొదట ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ వంటి వృత్తులకే ఇది వర్తించేది. 1973 సవరణతో ఇంజనీరింగు డిప్లొమా, డిగ్రీ పొందిన వారినీ చేర్చారు. వీరికి శిక్షణ కాలం ఒక ఏడాది. రామచంద్రాపురంలోని భెల్, విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వంటి పెద్ద సంస్థలలో ఇలా శిక్షణ పొందినవారు మన జిల్లాలన్నిటా ఉన్నారు.

చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. అతనికి వచ్చేది జీతం కాదు, శిక్షణ భృతి. 2019 నిబంధనలలో నెలకు కనీస భృతిని ఐ.టి.ఐ. వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, పట్టభద్రులకు 9,000 రూపాయలుగా నిర్ణయించారు. ఊళ్లో మోటారు వైండింగు షాపులో చేరినా అంత సంపాదించవచ్చు గదా అని తండ్రికి అనిపించడం సహజమే. ఆ తేడాకు బదులుగా ఏమి దక్కుతుందన్నదే అసలు ప్రశ్న.

మొదటి నెలలు

పెద్ద యంత్రాల మీద పని చేయబోతున్నామని మేమంతా ఉత్సాహంగా వెళ్లాము. మాకు ఇచ్చినది ఒక ఇనుప దిమ్మ, ఒక ఆకురాయి. దిమ్మను వైస్‌లో బిగించి నాలుగు పక్కలా చదును చేయమన్నారు. రోజంతా రాకిన తరువాత బోధకుడు మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. అంచు కింద సన్నని వెలుగు గీత కనిపిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. చేతులు బొబ్బలెక్కాయి. ఇంత చదువు చదివింది ఇందుకా అనిపించిన రోజులున్నాయి.

అయితే ఆ వారాలలోనే చేతికి కొలత తెలిసింది. వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటరులో యాభయ్యో వంతు, మైక్రోమీటరుతో నూరో వంతు చూడడం అలవాటైంది. "సుమారుగా సరిపోతుంది" అనే మాట మా నోటి నుంచి పోయింది. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య నూరో వంతుల తేడాయే ఒక యంత్రం పదేళ్లు నడవాలా, పది రోజులకు కాలిపోవాలా అన్నది తేల్చగలదు.

ఆ తరువాత లేతు, వెల్డింగు, అసెంబ్లీ, మెయింటెనెన్సు విభాగాలకు ఒకదాని తరువాత ఒకటిగా పంపారు. పెద్ద కర్మాగారంలో ఒక్కొక్కరు చూసేది పనిలో ఒక ముక్కనే. మొత్తం యంత్రం ఎలా తయారవుతుందో తెలియాలంటే అడగాలి, డ్రాయింగు చదవాలి. స్విచ్ ఆపి, తాళం వేసి, చీటీ తగిలించనిదే ఏ యంత్రాన్నీ ముట్టరాదన్న నియమం కూడా అక్కడే ఒంటబట్టింది.

ఈ శిక్షణ పాలకు ఏ విధంగా పనికివచ్చింది?

ఒక ఉదాహరణ చెబుతాము. వేసవి రాత్రి శీతలీకరణ కేంద్రంలో కంప్రెసరు ఆగిపోయిందనుకోండి. పాలను 4 డిగ్రీల దాకా చల్లబరచాలి. ఆలస్యమైతే అవి పులుస్తాయి. ఆ నష్టం మీది. శిక్షణ లేని మనిషి మళ్లీ మళ్లీ బటను నొక్కి నడిపిస్తాడు. నాలుగోసారికి మోటారు కాలుతుంది. శిక్షణ పొందినవాడు "ఎందుకు ఆగింది?" అని ముందు ప్రశ్నించుకుంటాడు. లాగు పుస్తకం తిరగేస్తాడు. పీడనం రోజురోజుకూ పెరుగుతూ వచ్చిందని గమనిస్తాడు. కండెన్సరు గొట్టాలలో ఉప్పునీటి పొలుసు పట్టిందని గ్రహించి దాన్ని శుభ్రం చేయిస్తాడు. మోటారు దక్కుతుంది, పాలూ దక్కుతాయి. పని ముట్టుకునే ముందు కారణం వెతకడం, ఊహించే ముందు కొలవడం అన్న ఈ రెండు అలవాట్లే శిక్షణకు అసలు ఫలం. సర్టిఫికెట్ వాటికి గుర్తు మాత్రమే.

జాగ్రత్తలు

అన్ని చోట్లా శిక్షణ ఒకేలా ఉండదు. మాలో ఒకరిని ఒక సంస్థలో రెండు నెలలపాటు స్టోరులో రిజిస్టర్లు రాయడానికే వాడుకున్నారు. అటువంటి కాలం తిరిగి రాదు. కనుక పిల్లలను పంపే కుటుంబాలు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఒప్పందం చదివి సంతకం చేయండి. మైనరు తరఫున సంరక్షకుడు సంతకం చేయాలి. కాలం, వృత్తి, భృతి అందులో స్పష్టంగా ఉండాలి. ఒప్పందం నమోదైనదీ లేనిదీ విచారించండి. శిక్షణార్థి తన తప్పు వల్ల మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టవలసి రావచ్చునని కూడా తెలుసుకోండి.

రెండు, రోజూ చేసిన పనిని డైరీలో రాయించండి. ఏ విభాగంలో ఎన్ని రోజులు, ఏమి నేర్చుకున్నాడు అన్నది అందులో ఉంటే, నేర్పవలసినది నేర్పలేదని అడిగేటప్పుడు అదే ఆధారం.

మూడు, అప్రెంటిస్ కార్మికుడు కాకపోయినా భద్రత, పని గంటల విషయంలో అతనికి రక్షణ ఉన్నది. శిక్షణలో గాయపడితే పరిహారానికి హక్కున్నది. ఒప్పందంపై వివాదం వస్తే అప్రెంటిస్‌షిప్ సలహాదారుకు ఫిర్యాదు చేయవచ్చు.

నాలుగు, ఉద్యోగం మీద ముందుగానే ఆశ పెట్టుకోవద్దు. ఒప్పందంలో ఆ షరతు ఉంటే తప్ప శిక్షణ ఇచ్చిన సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. అయితే ఆ ఏడాది సరిగా గడిపిన కుర్రవాడికి మరొక చోట తలుపు తెరుచుకోవడం మేము చూస్తూనే ఉన్నాము.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఈ శిక్షణకు వారూ అర్హులే. కొలత తెలిసిన చేతికి ఆడ, మగ తేడా లేదు.

ఇక మన వంతు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో రెండున్నర నుంచి పదిహేను శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మన డెయిరీ కర్మాగారాలకు ఇది భారం కాదు, అవకాశం. సంఘ కార్యదర్శులు తమ గ్రామంలో ఐ.టి.ఐ., డిప్లొమా పూర్తిచేసిన వారి పేర్లు రాసి ఉంచి, ప్రకటన వెలువడినప్పుడు వారికి కబురు చేయవలసిందిగా కోరుతున్నాము. రేపు మీ ఊరి బల్క్ కూలరు ఆగినప్పుడు, కారణం వెతకగలిగిన మనిషి మీ ఊరివాడే కావడం కంటే సంఘానికి కావలసినదేమున్నది?