నీటి ఉప్పదనమును కొలుచు చిన్న యంత్రము

సముద్రతీర గ్రామములలో వేసవి ముదిరినకొలది బోరునీరు ఉప్పనగుట రైతులెరిగినదే. నాలుకకు ఉప్పు తెలియుసరికి నారుమడి దెబ్బతినియుండును.

నీటిలో లవణములు హెచ్చినకొలది విద్యుత్తు సులభముగా ప్రసరించును. అట్లని బ్యాటరీ తీగెలను తిన్నగా నీట ముంచిన ప్రయోజనములేదు. కొనలపై బుడగలుపట్టి కొలత చెడును. విద్యుత్తు అటునిటు దిశ మార్చుచుండవలెను. ఆ పని చేయునదే డోలకము.

సీమాస్ రకపు 555 టైమరు ఐ.సి. నొకదానిని గైకొనుడు. దాని 3వ పిన్నును ఒక స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీకిని, రెండవ కడ్డీని 2, 6 పిన్నులకును కలుపవలెను. ఈ రెండు పిన్నులనుండి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ద్వారా ఋణధ్రువమునకు దారి యీయవలెను. 1వ పిన్ను ఋణమునకు, 4, 8 పిన్నులు 5 వోల్టుల ధనమునకు చేరును. 5, 7 పిన్నులతో పనిలేదు. కడ్డీలను నీట ముంచగనే డోలనములు మొదలగును. కెపాసిటరు నిండినంతయు మరల ఖాళీయగును గనుక నీటిలో విద్యుత్తు ఒకే దిక్కునకు పారదు. సెకనుకెన్ని డోలనములో హెర్ట్జులు చూపు మల్టీమీటరు తెలుపును. నీరు ఉప్పనైనకొలది ఆ అంకె పెరుగును. కడ్డీల యెడమును, మునుగు లోతును ఎన్నడును మార్చరాదు.

లీటరు స్వేదనజలమున అరగ్రాము ఉప్పు కరిగించినచో 25 డిగ్రీలయొద్ద దాని వాహకత సెంటీమీటరునకు సుమారు 1000 మైక్రోసీమెన్సు. బావినీటి అంకె దీనికి రెట్టింపైనచో వాహకతయు ఇంచుమించు రెట్టింపే. వేడిమి డిగ్రీ పెరిగిన కొలత నూటికి రెండు పెరుగును గావున రెండు నీళ్లను నీడలో ఒకే వేడిమికి రానీయుడు.

అమెరికా లవణభూముల ప్రయోగశాల 1954లో 750 దాటిన నీటిని హెచ్చు లవణమనియు, 2250 దాటినది సాధారణముగా సేద్యమునకు తగదనియు నిర్ణయించెను. సోడియము పాలెంతయో యీ యంత్రము చెప్పదు. దానికి ప్రయోగశాలకు సీసా పంపవలసినదే.