ద్రాక్ష పందిరి - అక్కడా, ఇక్కడా

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఇల్లు పెద్ద అంబర్‌పేటలో. విజయవాడ రోడ్డు మీద ఎల్.బి.నగర్, హయత్‌నగర్ దాటి వస్తే, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోట ఉంటుంది మా ఊరు. మా పెరట్లో ఓ మూల నిలువెత్తు రాతి కడీ ఒకటి ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ దాన్ని పీకేస్తానన్నాడు. పక్కింటి పెద్దమ్మ గోడ అవతలనుంచి కేకేసి ఆపింది. "ఉండనియ్ బిడ్డా! అది మా అంగూరు తోట కడీ" అంది. మేం కొనుక్కున్న రెండువందల గజాలూ ఒకప్పటి ద్రాక్షతోటలో ముక్క అని అప్పుడే తెలిసింది నాకు. సరే, బట్టలారేసే తీగ కట్టుకోవడానికి పనికొస్తుంది గదా అని ఉంచేశాం.

ఆ కడీ సంగతి నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఎక్కడో తెలుసా? ఇటలీలో! మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా అక్కడుంటారు. మనవరాలు పుట్టిందని నాలుగేళ్ళ క్రిందట సెప్టెంబరులో వెళ్ళాను. ఓ ఆదివారం మావాళ్ళు నన్ను వెరోనా నుంచి రైల్లో ట్రెంటోకి తీసికెళ్ళారు. గంటసేపటి ప్రయాణం. ట్రెంటో అంటే ఇటలీకి ఉత్తరాన ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న ఒక రాష్ట్రం. మన జిల్లా అంత ఉంటుంది గాని, తన వ్యవహారాలు చాలావరకు తనే చూసుకునే అధికారం దానికి ఉంది. మొదటి ప్రపంచయుద్ధం దాకా అది ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేదట. పైన బోడి రాతిశిఖరాలు, కింద అడీజె నది, ఆ నదికి రెండు పక్కలా ద్రాక్షతోటలు, ఆపిల్ తోటలు. కొండవాలు మీద కూడా ఖాళీ జాగా వదల్లేదు. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, మెట్లు మెట్లుగా చేసి తీగలు పెట్టారు.

రైలు కిటికీలోంచి చూస్తున్నదాన్ని, "అరే! ఇది మన పందిరే గదా!" అన్నాను పైకే. వరసగా కడీలు, వాటి మీంచి ఏటవాలుగా లేచిన కర్రలు, తీగలు. పైన ఆకులు కప్పుకుని ఉంటే, కింద గుత్తులు వేలాడుతున్నాయి. మన చిక్కుడు పందిరిలాగే. దాన్ని వాళ్ళు పెర్గోలా అంటారు. ఆకు గొడుగులా ఉండి కాయను ఎండదెబ్బ నుంచి కాపాడుతుంది. కిందనుంచి గాలి ఆడుతుంది కనక బూజు తొందరగా పట్టదు. మన హైదరాబాదు చుట్టుపక్కల రైతులు రాతి కడీల మీద ఇనుపతీగ అల్లి పందిళ్ళు వేసిందీ ఇందుకే.

పందిరి ఒకటే గాని, ఋతువు ఒకటి కాదు. అక్కడ చలికాలంలో మంచు కురుస్తుంది. ద్రాక్షతీగ ఆకులన్నీ రాల్చేసి మోడులా నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగానే కొమ్మలు కత్తిరిస్తారు. వసంతం రాగానే కోసిన చోట బొట్లు బొట్లుగా నీరు కారుతుంది. ద్రాక్ష ఏడుస్తోందంటారు అక్కడివాళ్ళు. తర్వాత చిగురు, పూత, కాయ. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోత. ఏడాదికి ఒక కత్తిరింపు, ఒక పంట.

మరి మన దగ్గర మంచేదీ? తీగకు నిద్రేదీ? ఊరుకుంటే ఏడాది పొడుగునా ఆకులు వేస్తూ పోతుందే గాని సరిగా కాయదు. తిరిగొచ్చాక ఈ మాటే పక్కింటి పెద్దమ్మని అడిగాను. ఆవిడ నవ్వింది. "మనకు మంచు లేకున్నా కత్తెర ఉన్నది గద బిడ్డా! ఏడాదికి రెండు మాట్ల పడాలె" అంది.

ఆ రెండు మాట్ల సంగతి ఇదీ. మొదటి కత్తిరింపు ఏప్రిల్ ప్రాంతంలో, పంట కోసేశాక. కొమ్మలన్నీ మొదలు దగ్గర ఒకటి రెండు కణుపులుంచి కోసేస్తారు. ఎండాకాలంలో కొత్త కొమ్మలు సాగుతాయి. ఆ కొమ్మల కణుపుల్లోనే, కంటికి కనబడకుండా, రాబోయే గుత్తి రూపు కడుతుంది. రెండో కత్తిరింపు అక్టోబరులో, వానలు వెనకబట్టాక. ఈసారి కొన్ని కణుపులు ఎక్కువగా ఉంచి కోస్తారు. లోపల దాగిన గుత్తి అప్పుడు బయటపడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలకు పండు చేతికొస్తుంది. అంటే అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ మనిషి చేస్తున్నాడన్నమాట. కత్తెర పట్టే చెయ్యి ఉన్నన్నాళ్ళే మన దగ్గర ద్రాక్ష.

పండులోనూ తేడా ఉంది. ట్రెంటోలో తోటల్లో పండేది ఎక్కువగా సారాయం కోసం, అదే వైను కోసం. ఆ కాయలు చిన్నవి, తోలు మందం, గింజలు. నోట్లో వేసుకుంటే తియ్యగానే ఉంటాయి గాని మనం తినే పండు కాదది. మన హైదరాబాదు ద్రాక్ష పళ్ళెంలో పెట్టుకు తినే ద్రాక్ష. దాని పేరు అనాబె షాహి. అరబ్బీలో అనబ్ అంటే ద్రాక్ష, ఫారసీలో షాహి అంటే రాచది. నిజాముల కాలంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన దీన్ని హైదరాబాదుకు తెచ్చి ప్రచారం చేశారని చెబుతారు. కోలగా, తేనె రంగులో, పలచని తోలుతో, నోరంతా రసం నిండే పండు. మీలో పెద్దవాళ్ళకి దాని రుచి గుర్తుండే ఉంటుంది. గింజ ఉంటుంది, దానికి బూజు తెగులూ తొందరగా తగులుతుంది. తరవాత గింజలేని థాంప్సన్ రకం వచ్చి బజారును ఆక్రమించింది. ఇవాళ మనం కొనే ద్రాక్షలో చాలా భాగం మహారాష్ట్ర నాసిక్, సాంగ్లీల నుంచి, కర్ణాటక విజయపుర వైపు నుంచి వస్తోంది.

"మీ తోట ఎందుకు తీసేశారు పెద్దమ్మా?" అని అడిగాను. "బోర్లు ఎండిపాయె. కూలోళ్ళు దొరకకపాయె. గజం ధర పెరిగె. పిల్లలు ఇగ ఒద్దన్నరు" అంది. అందులో ఎవర్ని తప్పు పడతాం? ఆ గజాలు కొన్నది మనమే గదా! ఒక చిత్రం చూడండి. దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22 ప్రాంతంలో మా ఊరు దాటాక బాటసింగారానికి వచ్చింది. తోటలు వెళ్ళిపోయిన దారిలోకి మార్కెట్టు వచ్చిందన్నమాట.

మరి ట్రెంటోలో తోటలెలా నిలిచాయి? అక్కడా కమతాలు చిన్నవే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వరదలొచ్చి, పంటలు పోయి, బతకలేక ఎంతోమంది అమెరికా వెళ్ళిపోయారట. అప్పుడు లొరెంజో గ్వెత్తి అనే మతగురువు 1890లో ఊరివాళ్ళందరిచేతా సహకార దుకాణం పెట్టించాడు. మొదలైంది కిరాణా సామాన్లతోనే! తరవాత ద్రాక్షరైతులూ అదే దారి పట్టారు. మెజ్జకొరోనా అనే చోట 1904లో సహకార సంఘం కట్టుకున్నారు. అంతకుముందే 1874లో సాన్ మికేలేలో వ్యవసాయ విద్యాలయం పెట్టారు. అది ఇవాల్టికీ ఉంది. ఎకరం రెండెకరాలున్నవాడు కూడా పండు కోసి సంఘానికి తోలితే, అమ్మకం బాధ సంఘానిది. ఒంటరిగా నిలబడలేని రైతు పదిమందితో కలిసి నిలబడ్డాడు. మన కడీ ఒంటరిదై పోయింది.

అలాగని మన దగ్గర అంతా అయిపోలేదు. అల్వాల్‌కు చెందిన ద్రాక్ష రైతు చింతల వెంకటరెడ్డి గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఉంది. ఊరి పొలిమేరల్లో అక్కడక్కడ తోటలున్నాయి. ఫిబ్రవరి, మార్చిల్లో ముందుగా అడిగి తెలుసుకుని పిల్లల్ని తీసుకెళ్ళండి. ద్రాక్ష బండి మీద కాయదని, పందిరికి కాస్తుందని వాళ్ళకి తెలియాలి గదా!

కొనేటప్పుడు రెండు మూడు సంగతులు గుర్తు పెట్టుకోండి. మామిడి, అరటిలాగా ద్రాక్ష ఇంటికి తెచ్చాక పండదు. కోసినప్పుడు ఎంత తీపో అంతే. అందుకే ఒకటి నోట్లో వేసుకుని చూసి మరీ కొనండి. గుత్తి కాడ పచ్చగా ఉంటే తాజాది, ఎండి గోధుమ రంగుకు తిరిగితే పాతది. కాయ మీద పలచగా తెల్లటి పొడిలా ఉంటే భయపడకండి, అది కాయకు సహజంగా ఉండే మైనం. నీలంగా, మరకలుగా కనబడితే మాత్రం అది మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కావచ్చు. ఏదైనా సరే, ధారగా పడే నీళ్ళలో బాగా కడిగి తినండి. ముందే కడిగి దాస్తే బూజు పడుతుంది, తినేముందు కడగాలి.

చివరగా మా కడీ కథ చెప్పి ముగిస్తాను. ఇటలీనుంచి వచ్చిన చలికాలంలోనే వేరుతొడిగిన అనాబె షాహి ముక్క ఒకటి సంపాదించి దాని మొదట్లో పెట్టాను. బట్టల తీగ కాస్తా పందిరి తీగ అయింది. రెండో ఏడు అక్టోబరులో పచ్చగా కళకళలాడే కొమ్మల్ని కొయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఆ ఏడు వట్టి ఆకులే! తరవాతి ఏప్రిల్లో పెద్దమ్మే కత్తెర పట్టుకుని వచ్చింది. ఆవిడకు చూపు సరిగా ఆనదు. అయినా కణుపు కణుపూ వేలితో తడిమి కోసింది. "గిక్కడ. గిక్కడ కొయ్యాలె" అంటూ నా వేలు పట్టుకుని చూపించింది. అక్టోబరులో నేనే కోశాను, ఆవిడ కూచుని చూసింది.

మొన్న ఫిబ్రవరిలో పదకొండు గుత్తులు కాశాయి. మొదటి గుత్తి కోసి గోడ మీంచి ఆవిడకిచ్చాను. ఒక పండు నోట్లో వేసుకుని, గింజ ఉమ్మి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత అంది: "గదే."