మంటకు డీజిలు నూనె

పులికాటు సరస్సు మీదుగా మదరాసునకు పోవు బకింగ్‌హాం కాలువలో నొకప్పుడు నెల్లూరు తీరపు సరుగుడు కట్టెలు పడవలపై సాగుచుండెడివి. పట్టణపు పొయ్యిలు మన నేలపై పెరిగిన కట్టెతో మండెడివి. నేడా సరస్సున కనతిదూరమున, తడ చెంత, 2008లో నారంభమైన శ్రీసిటీలో ననేక కర్మాగారములు వెలసినవి. ఆవిరికిని, ఆరబెట్టుటకును, కాచుటకును కర్మాగారములకు వేడిమి కావలయును. దానిని దేనితో పుట్టింపవలయు ననునది యజమానుల సొంత విషయము మాత్రమే కాదు. దేశధనమునకు సంబంధించిన ప్రశ్న.

పరదేశముల యనుభవము గమనింపదగినది. శీతలదేశములందు గృహములను వెచ్చజేయుటకు డీజిలుజాతి నూనెను చిరకాలముగా తగులబెట్టుచున్నారు. అమెరికా ఈశాన్య రాష్ట్రములలోను, జర్మనీలోను నీ యలవాటు నేటికిని గలదు. డెన్మార్కు 1973 నాటికి తన శక్తిలో పదింట తొమ్మిదిపాళ్లు దిగుమతి నూనెపై నాధారపడి యుండెను. ఆ యేటి నూనె కఱవుతో మేలుకొని 1979లో ఉష్ణ సరఫరా శాసనము గావించెను. విద్యుత్కేంద్రములలో వృథాపోవు వేడిమిని వేడినీటి రూపమున గొట్టముల ద్వారా ఇండ్లకు పంపిరి. ఐసులాండు భూగర్భోష్ణముతో పదింట తొమ్మిది యిండ్లను వెచ్చజేసికొనుచున్నది. నార్వే తానే నూనె నమ్ముకొను దేశమయ్యు, 2020 నుండి కట్టడములను ఖనిజతైలముతో వెచ్చజేయుటను నిషేధించినది.

మన ముడిచమురులో నైదింట నాలుగుపాళ్లకు మించి పరదేశములనుండియే వచ్చుచున్నది. లారీకి, ట్రాక్టరునకు, చేపలపడవకు డీజిలునకు బదులు దొరకుట కష్టము. బాయిలరున కట్లు కాదు. కిలో డీజిలు ఇంచుమించు 10,000 కిలోకేలరీల వేడిమి నిచ్చును. ఎండిన కట్టెగాని ఊకగాని అందులో సుమారు మూడవవంతు నిచ్చును. మూడు కిలోల కట్టె వెల కిలో డీజిలు వెలకు మిక్కిలి తక్కువగా నున్నంతకాలము లాభ మెవరిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. నీరు కాగుటకు చాలునంతటి వేడిమిని మన యెండయే యీయగలదు.

డీజిలు చప్పున నంటుకొనును, బూడిద మిగుల్పదు, కొంచెపు చోటున నిలువయుండును, నిజమే. కావున నాపత్కాలమునకు దాని నుంచుకొనవచ్చును. కట్టెయు ఊకయు సరిగా మండనిచో పొగ పుట్టును. పులికాటు సరస్సును నేలపట్టు పక్షులును సమీపముననే యున్నవని మఱవరాదు. అడవి నఱికి బాయిలరు నింపుట మఱింత తప్పు. నాటి పెంచిన సరుగుడును మిల్లుల ఊకయును మాత్రమే వాడదగినవి.

సరుగుడు కొన్నియేండ్లకుగాని కోతకు రాదు. వెల నిశ్చయము కానిది రైతు నాటడు. సరఫరా నిశ్చయము కానిది కర్మాగారము డీజిలును విడువదు. కనుక ఉభయులును ముందుగనే యొడంబడిక చేసికొనవలయును. మంటకై వ్యయమగు ధనము సముద్రము దాటిపోవుటయో, మన పొలములకు చేరుటయో దానిపై నాధారపడి యున్నది.