ఇంటికి ట్యాబ్ చాలునా, లాప్‌టాప్ కావాలా?

ఈ రోజుల్లో నలుగురు గృహిణులు ఒకచోట చేరితే, ధరల సంగతీ పిల్లల చదువుల సంగతీ అయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మా అమ్మాయి లాప్‌టాప్ కావాలంటోందండీ. అంత డబ్బు పొయ్యాలా? ట్యాబ్ కొనిపెడితే సరిపోదూ?" అని. దుకాణంలో అడిగితే తన దగ్గర ఏది నిలవ ఉంటే అదే మంచిదంటాడు. పక్కింటివారిని అడిగితే తాము కొన్నదే మంచిదంటారు. కనుక ఈ విషయాన్ని మనమే, మన ఇంటి పనుల దృష్టితో, నిదానంగా పరిశీలించుకుందాం.

ముందు ఈ రెండింటికీ తేడా ఏమిటో చూద్దాం. ట్యాబ్ అంటే పలక. చిన్నప్పుడు మనం బలపంతో దిద్దుకున్న పలకంతే ఉంటుంది; బరువు అరకిలో అటూ ఇటూ. అద్దాన్ని వేలితో తాకితే పని చేస్తుంది. లాప్‌టాప్ పుస్తకంలాగా తెరుచుకుంటుంది. పై రెక్క తెర, కింది రెక్క మీద అక్షరాల మీటలు. బరువు కిలోన్నర దాకా ఉంటుంది. ఇది పైకి కనిపించే తేడా. అసలు తేడా లోపల ఉంది. ట్యాబ్‌లో ఉండేది చాలావరకు మన సెల్‌ఫోనులో ఉండే ఏర్పాటే. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యాప్ వేసుకోవాలి. లాప్‌టాప్‌లో ఉండేది ఆఫీసుల్లో, బ్యాంకుల్లో బల్లల మీద ఉండే కంప్యూటర్ల ఏర్పాటు. అంటే ట్యాబ్ పెద్దదైన ఫోను, లాప్‌టాప్ చిన్నదైన ఆఫీసు బల్ల అన్నమాట. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

పలక ఊహ కొత్తదేమీ కాదు. 1972లోనే అమెరికాలో అలాన్ కే అనే శాస్త్రవేత్త, పిల్లలు చంకన పెట్టుకుని తిరగగల కంప్యూటరును ఊహించి దానికి 'డైనాబుక్' అని పేరు పెట్టాడు. చిత్రమేమిటంటే, ఆయన ఊహించిన ఆ పలకకు కూడా అక్షరాల మీటలు ఉన్నాయి! మీటలు లేని నున్నటి పలక ఇళ్ళల్లోకి రావడం 2010లో ఆపిల్ కంపెనీ ఐప్యాడ్ తెచ్చినప్పటినుంచీ పెరిగింది. ఆ మరుసటి ఏడాదే, 2011 అక్టోబరు 5న, కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం 'ఆకాశ్' అనే చవక ట్యాబ్‌ను విడుదల చేసింది. దాన్ని మన హైదరాబాదులోనే కూర్చారు. 7 అంగుళాల తెర. ప్రభుత్వానికి ఒక్కొక్కటీ సుమారు 2,276 రూపాయలకు పడింది. అందరూ ఎంతో ఆశ పెట్టుకున్నారు. తీరా చూస్తే తెరను గట్టిగా నొక్కితేగాని పలకదు, పని నెమ్మది, చార్జింగు నిలవదు అని ఫిర్యాదులు వచ్చాయి. 2012 నవంబరులో దాన్ని మెరుగుపరిచి రెండో ఆకాశ్ తేవలసి వచ్చింది. చవక అన్న ఒక్క కారణం చేత కొన్న వస్తువు చివరికి అటకెక్కుతుందని మనకు తెలియనిదా?

పట్నంలో కూచుని ఆలోచిస్తే ట్యాబ్ అయినా లాప్‌టాప్ అయినా ఒకటే అనిపిస్తుంది. కరెంటు ఉంటుంది, నెట్టు ఉంటుంది, పాడైతే బాగుచేసేవాడు దగ్గర్లోనే ఉంటాడు. వస్తువు విలువ తెలియాలంటే ఈ సదుపాయాలు తక్కువగా ఉన్నచోట పెట్టి చూడాలి. మనలో చాలామందికి పుట్టిల్లో అత్తిల్లో అటువంటి ఊళ్ళోనే ఉంటుంది గదా! భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అడవి అంచున ఉన్న దమ్మపేటను తీసుకుందాం. 2016కు ముందు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. అక్కడినుంచి అశ్వారావుపేట దాటితే ఆంధ్ర సరిహద్దు. చుట్టుపక్కల పామాయిల్ తోటలు. కోసిన గెలలు ఆ మండలంలోని అప్పారావుపేట ఫ్యాక్టరీకో, అశ్వారావుపేట ఫ్యాక్టరీకో వెళతాయి.

అక్కడ ఒక ఇల్లు ఊహించుకోండి. ఇంటాయనకు నాలుగెకరాల పామాయిల్ తోట. ఇల్లాలు పొదుపు సంఘంలో లెక్కలు రాస్తుంది. ముసలి అత్తగారు ఉన్నారు. అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, అబ్బాయి ఎనిమిదో తరగతి. ఈ ఇంట్లో ఏమేం పనులున్నాయో ఒక కాగితం మీద రెండు వరుసలుగా రాద్దాం. ఒక వరుసకు 'చూసేవి' అనీ, రెండో వరుసకు 'రాసేవి' అనీ పేరు పెడదాం.

చూసే పనులు చాలానే ఉన్నాయి. గెలల ధర నెలనెలా మారుతుంది. ఈ నెల టన్ను ఎంతో చూడాలి. గెలల డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందా లేదా చూడాలి. 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో పొలం వివరాలు చూసుకోవాలి. కరెంటు బిల్లు కట్టాలి. వాన కబురు తెలుసుకోవాలి. అత్తగారు హైదరాబాదులో ఉన్న మనవరాలి ముఖం చూస్తూ మాట్లాడాలి. అబ్బాయి పాఠాలు చూడాలి. కరోనా రోజుల్లో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ మన పిల్లలు పాఠాలు విన్నారు గదా, అటువంటివన్నీ ఈ వరుసలోకే వస్తాయి.

ఈ పనులన్నిటికీ ట్యాబ్ చక్కగా సరిపోతుంది. సరిపోవడమే కాదు, కొన్నిటిలో లాప్‌టాప్ కన్నా మేలు. గాలివానకు కరెంటు పోయిందనుకోండి. ట్యాబ్ చార్జరు సాధారణంగా 10, 20 వాట్ల మధ్య ఉంటుంది. ఫోనుకు వాడే పవర్ బ్యాంకుతోనే నింపుకోవచ్చు. లాప్‌టాప్ చార్జరు 45 నుంచి 65 వాట్ల దాకా అడుగుతుంది. మామూలు పవర్ బ్యాంకు దానికి చాలదు. సిమ్ కార్డు పట్టే ట్యాబ్ అయితే ఊళ్ళో సిగ్నల్ ఉన్నచోటికి చేత్తో పట్టుకుపోవచ్చు. కాగితాన్ని ఫొటో తీసి అక్కడికక్కడే పంపవచ్చు. అత్తగారి చూపుకు ఫోను అక్షరాలు ఆనవు. ట్యాబ్ మీద పెద్దవి చేసి చూపవచ్చు. 2017 నుంచి గూగుల్‌లో తెలుగు మాట వింటూ అక్షరాలుగా మార్చే సదుపాయం కూడా వచ్చింది. అక్షరాల మీటలు ఎక్కడున్నాయో వెతుక్కోనక్కర లేకుండా, నోటితో చెబితే ఉత్తరం తయారవుతుంది. రాయడానికి జంకే పెద్దవాళ్ళకు ఇదొక వరం.

ఇక రెండో వరుస. పొదుపు సంఘం లెక్కలు ఉన్నాయి. పదిమంది సభ్యులు, పన్నెండు నెలలు, ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు ఎంత మిగిలింది. గడులు గీసిన పద్దు పుస్తకం లాంటిది. ట్యాబ్ మీద దాన్ని చూడవచ్చు, ఒకటి రెండు అంకెలు దిద్దవచ్చు. కాని వేలితో తాకి వంద గడులు నింపి చూడండి! వేలు ఒక గడిలో పెడితే పక్క గడి తెరుచుకుంటుంది. పైగా మీటలు తెర మీదికే వచ్చి సగం పద్దును కప్పేస్తాయి. ఒక కాగితం చూస్తూ మరో కాగితంలో రాయాలంటే రెండూ పక్కపక్కన పరుచుకోవాలి. చిన్న పలక మీద రెండు కాగితాలు పరిస్తే, పీట మీద రెండు విస్తళ్ళు వేసినట్టే ఉంటుంది.

అమ్మాయి సంగతి ఇంకా ముఖ్యం. తెలంగాణలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటరు మీదనే జరుగుతోంది. 2024 నుంచి దాని పేరు ఎప్‌సెట్. 3 గంటల్లో 160 ప్రశ్నలు. అక్కడ వేలితో తాకడం ఉండదు, మౌసు పట్టుకుని జవాబు గుర్తించాలి. ఇంటి దగ్గర వేలికే అలవాటు పడిన పిల్ల, పరీక్ష హాల్లో మౌసు కోసం తడుముకుంటే ఒక్కొక్క ప్రశ్న దగ్గరా కొన్ని క్షణాలు పోతాయి. తెలిసిన జవాబు కూడా సమయం చాలక మిగిలిపోవచ్చు. ఇంటర్ తరువాత బీకాంలో చేరిందనుకోండి, లెక్కల కోసం ట్యాలీ నేర్చుకోవాలి. అది విండోస్ కంప్యూటరు కోసం చేసినది. ఇంజనీరింగులో చేరితే ప్రోగ్రాములు రాయాలి, బొమ్మలు గీయాలి. వీటిలో చాలావాటికి ట్యాబ్ చాలదు.

ప్రభుత్వాల అనుభవం చూసినా ఇదే తేలుతుంది. తమిళనాడు 2011 సెప్టెంబరులో ఉచిత లాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టి, పెద్ద తరగతుల వారికీ కాలేజీ విద్యార్థులకూ లాప్‌టాప్‌లు ఇచ్చింది. పక్కనున్న ఆంధ్రలో 2021 జనవరిలో, అమ్మఒడి డబ్బుకు బదులు లాప్‌టాప్ కావాలనుకుంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివేవారి తల్లులు కోరుకోవచ్చునన్నారు. కాని 2022 డిసెంబరులో పెద్ద ఎత్తున పంచినవి ట్యాబ్‌లు, అవీ ఎనిమిదో తరగతి పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ. మొత్తం 5 లక్షలకు పైగా ఇచ్చారు. నెట్టు లేకపోయినా పనికివచ్చేటట్టు పాఠాలు ముందే అందులో నింపారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు పాఠం చూస్తాడు, అతనికి పలక నప్పుతుంది. కాలేజీ పిల్ల పాఠం చూడడంతో ఆగదు. తానే రాసి, లెక్కకట్టి, తయారుచేసి ఇవ్వాలి. ఆమెకు బల్ల కావాలి.

"ట్యాబ్‌కే విడిగా మీటల పలక తగిలిస్తే లాప్‌టాప్ అయిపోదా?" అని మీరడగవచ్చు. కొంతవరకు అవుతుంది. ఉత్తరాలు రాయడానికీ, రెండు మూడు పేజీల వ్యాసానికీ అది హాయిగా ఉంటుంది. అయితే మీటలు తగిలించినంత మాత్రాన లోపలి ఏర్పాటు మారదు. ట్యాలీ వంటివి అందులోకి రావు. ఆఫీసు కంప్యూటరంత పనీ చేసే ఖరీదైన ట్యాబ్‌లు లేకపోలేదు. కాని వాటికి మీటలూ కలమూ కలిపి కొంటే లాప్‌టాప్ ధరను దాటిపోతాయి. అప్పుడు ఆదా ఎక్కడుంది?

మరో సంగతి చాలామంది గమనించరు. ఇంట్లో ఇప్పటికే పెద్ద తెర ఫోను ఉంటే, 'చూసేవి' వరుసలోని పనులు సగానికి పైగా అదే చేసిపెడుతోంది. దానికి తోడు ట్యాబ్ కొంటే ఫోనుకు ఫోనే తోడు తెచ్చినట్టు. ఇంట్లో లేనిది రాసే బల్ల. ఫోను ఉన్న ఇంట్లో డబ్బు ఒక్క వస్తువుకే ఉంటే, చదువుకునే పిల్ల కూడా ఉంటే, ఆ డబ్బు లాప్‌టాప్‌కే వెచ్చించడం తెలివి. పిల్లలు చదువులు ముగించి వెళ్ళిపోయి, ఇంట్లో పెద్దవాళ్ళిద్దరే ఉంటే నిస్సందేహంగా ట్యాబ్ చాలు. లాప్‌టాప్ మీద దుమ్ము దులుపుకోవడం తప్ప వాళ్ళకు మరో ప్రయోజనం ఉండదు.

ఈ సందర్భంలో తల్లులకు ఒక మాట చెప్పాలి. కొడుకు ఇంజనీరింగులో చేరితే "లాప్‌టాప్ లేకుండా ఎలా?" అని అప్పు చేసైనా కొంటాం. కూతురు డిగ్రీలో చేరితే "ఆడపిల్లకు ట్యాబ్ చాల్లే" అంటాం. చవక వస్తువు ఎవరి వాటాకు వచ్చిందో చూశారా? పని ఏమిటో చూసి వస్తువు నిర్ణయించండి గాని, పిల్ల ఎవరో చూసి కాదు. కూతురు కూడా రేపు ఆఫీసు బల్ల దగ్గర కూర్చోవలసిందే. ఆ బల్ల అలవాటు ఇంట్లోనే మొదలైతే ఆమెకు బెరుకుండదు. మరి ఇంట్లో లాప్‌టాప్ ఒకటే ఉంటే ఎవరు ఎప్పుడు వాడుకోవాలో వేళలు రాసి గోడకు అంటించండి. లేకపోతే అది మెల్లగా ఒకరి సొత్తయి కూర్చుంటుంది.

కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ట్యాబ్ కొంటే తెర 10 అంగుళాలకు తగ్గకుండా, సిమ్ పట్టేది చూసుకోండి. వైఫై మాత్రమే పట్టేదాన్ని సిమ్ పడుతుందనుకుని తెచ్చుకుని బాధపడేవాళ్ళున్నారు. పని చేసే మెమరీ, అంటే ర్యామ్, 4 జీబీకి తగ్గితే ఏడాది తిరక్కుండానే నత్తనడక మొదలవుతుంది. కంపెనీ ఎన్నేళ్ళపాటు కొత్త మార్పులు, అంటే అప్‌డేట్లు, పంపుతుందో అడగండి. అవి ఆగిపోయాక కొన్నాళ్ళకు బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. లాప్‌టాప్‌కు ర్యామ్ 8 జీబీ ఉండాలి. వాడినది చవకగా దొరికితే తప్పు లేదు, కాని విండోస్ 11 పడుతుందో లేదో నిర్ధారించుకోండి; విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా లాప్‌టాప్‌లలో బ్యాటరీ, డిస్కు మార్చుకోవచ్చు. ట్యాబ్‌ను జిగురుతో అతికి మూస్తారు కనుక విప్పి బాగుచేయడం కష్టం, అద్దం పగిలితే ఖర్చూ ఎక్కువే. దమ్మపేట వంటి ఊళ్ళో ఉండేవారు దీన్ని మరీ ముఖ్యంగా ఆలోచించాలి. బాగుచేయించడానికి ప్రతిసారీ బస్సెక్కి పెద్ద ఊరికి పోవలసి వస్తుంది.

వచ్చే వారం రోజులు వంటింటి క్యాలెండరు పక్కన ఒక కాగితం తగిలించండి. ఇంట్లో ఎవరు ఏ పని చేసినా 'చూసేవి', 'రాసేవి' అని రెండు వరుసల్లో గుర్తు పెట్టండి. రాసే వరుస ఖాళీగా ఉంటే ట్యాబ్ తెచ్చుకోండి. ఆ వరుస నిండుతూ ఉంటే, లేదా ఇంట్లో కాలేజీ గడప తొక్కబోయే పిల్ల ఉంటే, ఇంకో నాలుగు నెలలు ఆగి, ఆ పండుగకు చీరె మానుకునైనా సరే, లాప్‌టాప్ కొనండి. ఎంత ఖర్చు పెట్టామన్నది నాలుగు రోజుల్లో మరిచిపోతాం. పిల్ల చేతికి పనికివచ్చిందా లేదా అన్నది ఏళ్ళ తరబడి కనిపిస్తూనే ఉంటుంది.