అరవై లక్షల మందిని చంపనే లేదట!

2018 ఆగస్టులో చిత్తూరు ఎంపీ నారమల్లి శివప్రసాద్ హిట్లర్ వేషం కట్టుకుని పార్లమెంటుకు వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇవ్వనందుకు ప్రధాని మీద నిరసన అది. స్వతహాగా నటుడు కాబట్టి మీసకట్టుతో సహా వేషం బాగానే కుదిరింది. ఫొటోలు దేశమంతా తిరిగాయి. 1997లో చిరంజీవి చేసిన ‘హిట్లర్’ చెల్లెళ్ల కోసం ప్రాణం పెట్టే కోపిష్ఠి అన్నయ్య. 2020లో జీ తెలుగులో ‘హిట్లర్ గారి పెళ్ళాం’ అని ఏకంగా ఓ సీరియలే వచ్చింది.

వీటిలో ఎక్కడా యూదుల మీద ద్వేషం లేదు. ఆ మాటకొస్తే యూదులే లేరు. అరవై లక్షల మంది యూదుల ప్రాణాలు తీసినవాడి పేరు వింటే మనకు గుర్తొచ్చేది గదమాయించే మేనమామో, బెత్తం పట్టిన లెక్కల మాస్టారో.

యూరప్, అమెరికాల్లో వ్యవహారం ఇంత అమాయకంగా లేదు. అసలు ఆ నరమేధమే జరగలేదని, గ్యాస్ గదులు కట్టుకథ అని, చచ్చింది ఏవో కొన్ని వేల మందేనని పుస్తకాలు అచ్చేసి అమ్మినవాళ్లున్నారు. కెనడాలో ఎర్నెస్ట్ జుండెల్ అలాంటి కరపత్రాలకు పెద్ద టోకు వ్యాపారి. కాలిఫోర్నియాలో ఒక సంస్థ, యూదులను గ్యాస్ పెట్టి చంపారని రుజువు చేస్తే 50 వేల డాలర్లిస్తామని పందెం కాసింది. నాజీల మరణ శిబిరమైన ఆష్‌విట్జ్‌లో తల్లినీ చెల్లెళ్లనూ పోగొట్టుకుని బతికి బయటపడ్డ మెల్ మెర్మెల్‌స్టైన్ ఆ పందేన్ని అందుకుని కోర్టుకెక్కాడు. 1944 వేసవిలో ఆష్‌విట్జ్‌లో యూదులను గ్యాస్‌తో చంపారన్నది వివాదానికి తావులేని విషయమని 1981లో అక్కడి జడ్జి తేల్చారు. 1985లో ఆ సంస్థ 90 వేల డాలర్లు చెల్లించి, క్షమాపణ కూడా చెప్పుకుంది.

వీళ్లలో అందరికన్నా తెలివైనవాడు బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్. వీధి రౌడీలా కాకుండా చరిత్రకారుడిలా రాసేవాడు. జర్మన్ భాష వచ్చు, పాత దస్తావేజులు తవ్వి తీయగలడు. అమెరికా చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ తన పుస్తకంలో అతన్ని నరమేధాన్ని కాదనేవాళ్లలో ప్రమాదకరమైనవాడని రాస్తే, ఆమె మీదా ప్రచురణకర్త పెంగ్విన్ మీదా 1996లో లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. అక్కడి చట్టం ప్రకారం రాసినవాళ్లే తాము రాసింది నిజమని నిరూపించుకోవాలి. పెంగ్విన్ వెనక్కి తగ్గలేదు. కేంబ్రిడ్జి ఆచార్యుడు రిచర్డ్ ఎవాన్స్ బృందం ఇర్వింగ్ పుస్తకాల్లోని ఫుట్‌నోట్లు పట్టుకుని మూలపత్రాలతో సరిచూసే పనిలో పడింది.

వాళ్లు ముందుపెట్టిన ఒక్క ఉదాహరణ చాలు. 1941 నవంబరు 30న నాజీ నాయకుడు హిమ్లర్, హిట్లర్ మకాం నుంచి ఫోన్ చేసి, మాట్లాడిన విషయం తన డైరీలో రెండు ముక్కల్లో రాసుకున్నాడు: బెర్లిన్ నుంచి బయల్దేరిన యూదుల రైలు, చంపవద్దు. అది ఆ ఒక్క రైలు సంగతి. ఇర్వింగ్ మాత్రం దాన్ని, యూదులెవరినీ చంపవద్దని హిట్లర్ ఆజ్ఞాపించినట్టుగా పుస్తకంలో తిప్పి రాశాడు. నిజానికి ఆ ఫోన్ వెళ్లేసరికే రైల్లోని సుమారు వెయ్యి మందిని రీగా దగ్గర కాల్చేశారు. ఇలాంటి తిరకాసులు డజన్లకొద్దీ బయటపడ్డాయి. ఇర్వింగ్ కావాలనే సాక్ష్యాలను వక్రీకరించాడని, అతను యూదు వ్యతిరేకి అని 2000 ఏప్రిల్ 11న జస్టిస్ చార్లెస్ గ్రే తీర్పునిచ్చారు. కోర్టు ఖర్చులు నెత్తిన పడి ఇర్వింగ్ రెండేళ్లలో దివాలా తీశాడు.

అదే ఇర్వింగ్‌ను 2005లో ఆస్ట్రియా పోలీసులు పట్టుకున్నారు. 1989లో అక్కడ చేసిన ప్రసంగాలకు మూడేళ్ల జైలుశిక్ష పడింది. నాజీ వాదాన్ని నిషేధించే చట్టం ఆస్ట్రియాలో 1947 నుంచే ఉంది. ఫ్రాన్స్ 1990లో ప్రత్యేక చట్టం తెచ్చింది. జర్మనీలో ఐదేళ్ల దాకా జైలు. కెనడాలో జుండెల్‌కు పడిన శిక్షను 1992లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి 2022లో ఆ దేశమూ నరమేధాన్ని కాదనడాన్ని నేరంగా చేర్చింది. అమెరికాలో మాత్రం ఇప్పటికీ అది వాక్‌స్వేచ్ఛే. చిత్రమేమిటంటే, ఇర్వింగ్‌ను జైల్లో పెట్టడాన్ని లిప్‌స్టాటే వ్యతిరేకించారు. అబద్ధాలకోరును అమరవీరుడిని చేయకండన్నది ఆమె వాదన. ఆమె మాటలో పస ఉంది. లండన్ తీర్పు అతని పుస్తకాలను చంపింది; వియన్నా జైలు అతనికి సానుభూతి తెచ్చిపెట్టింది. అయితే ఆ మారణకాండ జరిగిన నేల మీద నిలబడి చట్టం చేసుకున్నవాళ్లను తప్పుపట్టడమూ అంత తేలిక కాదు.

మరి మన దగ్గర? శంకర్‌పల్లి రోడ్డులో దొంతన్‌పల్లి దగ్గరున్న ఇక్ఫాయ్ లా కాలేజీ విద్యార్థులకు ఇది మంచి పరీక్ష ప్రశ్న: హైదరాబాద్‌లో ఎవరైనా ఈ నరమేధం అబద్ధమని పుస్తకం అచ్చేస్తే ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలి? సూటిగా వర్తించే సెక్షనే లేదు. భారతీయ న్యాయ సంహితలోని 196 వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం గురించి, 299 మతాన్ని బుద్ధిపూర్వకంగా అవమానించడం గురించి చెబుతాయి. పుస్తకాలను జప్తు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. మన చట్టం చూసేది రాసింది నిజమా కాదా అని కాదు, ఎవరి మనసు నొచ్చింది, గొడవ జరుగుతుందా అని. గొంతున్న వర్గమైతే రోడ్డెక్కుతుంది. కంచ ఐలయ్య పుస్తకంపై ఆర్యవైశ్యుల ఆందోళనలు, 2017 అక్టోబరులో నిషేధానికి సుప్రీంకోర్టు నిరాకరణ తెలుగువాళ్లకు గుర్తే. లండన్‌లో ఇర్వింగ్‌కు ఎదురునిలిచిన పెంగ్విన్, భారత్‌లో 2014లో హిందువులపై వెండీ డోనిగర్ రాసిన పుస్తకాన్ని రాజీపడి వెనక్కి తీసుకుంది.

యూదులకు ఇక్కడ అంత గొంతు లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వాళ్లు ఐదు వేలలోపే. అందులోనూ తెలుగు మాట్లాడేవాళ్లున్నారంటే చాలామంది నమ్మరు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమూహం ఉంది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన వీళ్లు ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం వంశీకులమని చెప్పుకుంటారు, 1990ల మొదట్లో ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం. యూదుల గురించి ఏదో దూరదేశపు సంగతిలా రాసే తెలుగు రచయితలు ఒకసారి అటువైపు చూడాలి.

ఇక హిట్లర్ ఆత్మకథ. రైల్వే స్టేషన్ల పుస్తకాల స్టాళ్లలో, ఫుట్‌పాత్‌ల మీద వ్యక్తిత్వ వికాస గ్రంథాల పక్కన అదీ వరసలో ఉంటుంది. నాయకత్వ లక్షణాల కోసం చదువుతున్నామనే కుర్రాళ్లకూ కొదవలేదు. జర్మనీలో బవేరియా ప్రభుత్వం కాపీరైట్ గడువు 2015తో ముగిసేదాకా దాన్ని మళ్లీ అచ్చు కానివ్వలేదు. 2016 జనవరిలో మ్యూనిక్ చరిత్రకారులు తెచ్చిన ప్రతికి ఏకంగా 3,500 వివరణలు చేర్చారు. ప్రతి అబద్ధానికీ పక్కనే జవాబు ఉంటుంది. పుస్తకాన్ని నిషేధించమని ఇక్కడ ఎవరూ అడగనక్కర్లేదు. అమ్ముకుంటున్న ప్రచురణకర్తలు, అది రాసినవాడు తర్వాత ఏం చేశాడో చెప్పే పది పేజీల ముందుమాట అయినా జతచేయాలి. కొనే పాఠకులు అది లేని ప్రతిని అక్కడే పెట్టేసి రావాలి.